తీసేసే జాబితా

భర్త కూరలోంచి వెంట్రుక ఒకటి తీసి పళ్లెం అంచున పెట్టాడు. మాట అనే పని అత్తగారిది.

"తల ముడేసుకుని వండమ్మా అని ఎన్నిసార్లు చెప్పాలి? మావాడి నోరు మంచిది కాబట్టి సరిపోయింది."

ఆమె చెయ్యి దానంతటదే తలమీదికి పోయింది. "చూసుకోలేదత్తయ్యా" అనేసింది. అన్న తర్వాత చూసింది. ఆ వెంట్రుక బెత్తెడు కూడా లేదు. ఆమె జడ నడుం దాటుతుంది.

"ఇంట్లోనే ఇలా ఉంటే, మీ పెద్దసారు అన్నదాంట్లో తప్పేముంది?" అన్నాడు భర్త, చెయ్యి కడుక్కుంటూ. "ఒక్క సారీతో పోయేదానికి అంత పంతమెందుకు? సంతకం పెట్టేసి రా."

ఆమె పనిచేసేది జన్యు పరీక్షల ల్యాబులో. పూర్వం దూరపు దీవుల్లోని తోటల్లో చాకిరీకి బలవంతాన ఓడలెక్కించి తోలుకుపోయిన జనం ఎక్కడెక్కడి వాళ్లో అక్కడ వెతుకుతున్నారు. ఓడ కాగితాల్లో మగవాళ్లకు పేర్లున్నాయి. ఆడవాళ్లకు అంకెలున్నాయి. అందుకని ఆ దీవుల్లో ఇప్పుడున్న వాళ్ల బుగ్గలోపలి తడిని దూదిపుల్లతో తీసి పంపితే, తల్లి నుంచి బిడ్డకు దిగే జన్యువును చదువుతారు. కొడుక్కీ అది వస్తుంది, అతనితో ఆగిపోతుంది. ముందుకు మోసుకుపోయేది కూతురే. మోసే పని అక్కడా తప్పలేదు.

దొంగ అడుగులు వెతికేముందు ఇంట్లోవాళ్ల అడుగులు కొలిచి పెట్టుకున్నట్టు, ల్యాబులో పనిచేసే అందరి జన్యువునూ ముందే చదివి ఒక జాబితాలో ఉంచుతారు. ఏ నమూనా అయినా ఆ జాబితాతో కలిస్తే, చెయ్యి తగిలి పాడైందని అర్థం. తీసి పారేస్తారు. ఆమె జన్యువు జాడ ఎనిమిదేళ్లుగా ఆ జాబితాలో ఉంది.

నిన్న మూడు నమూనాలు ఆమె జాడతో కలిశాయని యంత్రం చెప్పింది. మూడూ ఒకే దీవివి, ముగ్గురు ముసలమ్మలవి. ముగ్గురికీ తెలిసిన చుట్టరికమేమీ లేదు. "నీ అజాగ్రత్త వల్ల జరిగిందని రాసి రేపటికల్లా సంతకం పెట్టమ్మా. ఆ మూడూ కొట్టేద్దాం," అన్నాడు పెద్దసారు. మళ్లీ తెప్పించడం కుదరదా అంటే, అందులో ఇద్దరు ఈమధ్యే పోయారన్నాడు.

ఆ పొద్దున బస్సులో నిలబడి ఆమె ఆలోచించుకుంటూ పోయింది. చేతులకు రెండు జతల తొడుగులు, తలకు టోపీ, మూతికి గుడ్డ, ఎక్కడ జారింది? పాలు పొంగినా, పిల్లకి జలుబు చేసినా, ఇంటి తాళం కనపడకపోయినా ముందు తన చేతుల్నే వెతుక్కునే అలవాటు ఆమెది. అలా వెతుక్కుంటుంటే అమ్మమ్మ గుర్తొచ్చింది. మా అమ్మకి ఒక అక్కుండేదట, తోటపనికని ఓడెక్కించారట, మళ్లీ కబురే లేదట అనేది, బియ్యంలో రాళ్లు ఏరుతూ. ఆ అక్క పేరేమిటని ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు.

మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కన పెట్టి, తన జాడనూ ఆ మూడింటినీ పక్కపక్కన పరిచింది. పదహారు వేల పైచిలుకు అక్షరాలు. ఒకటీ అరా తేడా ఉన్నా యంత్రం కలిసిందనే చెబుతుంది. అందుకని వేలు పెట్టి చదివింది. అన్నీ కలిశాయి, ఒక్కచోట తప్ప. అక్కడ ఆమెకు ఒక అక్షరం, ఆ ముగ్గురికీ ఇంకొకటి. చెయ్యి ఆమెదే తగిలి ఉంటే ఆమె అక్షరమే ఉండాలి. ఆ అక్క తాలూకే అని పరీక్ష చెప్పదు. ఒక తల్లి కడుపున పుట్టి, ఎక్కడో విడిపోయిన దారులని మాత్రం చెబుతుంది. ఆమె చాలాసేపు ఆ అక్షరం మీదినుంచి వేలు తీయలేదు.

పెద్దసారు కాగితం చూసి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని చూశాడు.

"సంతకమేదమ్మా?"

"కింద ఉంది సార్. పైన రాసింది చదవండి."

పైన ఒక్క వాక్యం ఉంది: ఇది నా చేతి మరక కాదు, మూడు నమూనాలనూ తీసేయడానికి వీల్లేదు.

దానికి జతచేసిన పోలిక చూస్తూ, ఆయన ఆ తేడా అక్షరం దగ్గర ఆగాడు. "ఇది నిన్ననే చెప్పొచ్చుగా?"

"నిన్న మీరు అడిగింది సంతకం ఒక్కటే కద సార్."

ఆయన దగ్గాడు. ఇంకొకరి చేత మరోసారి చేయిద్దామన్నాడు. చేయించండి అంది. పట్టికలో అప్పటికే కొట్టేసి ఉన్న ఆ మూడు వరసల మీది గీతను ఆయన ఎదుటే తీయించింది.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే, టీవీ మీదినుంచి చూపు తిప్పకుండానే భర్త అడిగాడు. "సారీ చెప్పేశావా?"

"లేదండీ. నాది కాదని రాసిచ్చాను."

"అబ్బో! మరి ఎవరిదట?" అంది లోపల్నుంచి అత్తగారు.

ఆమె చేతిసంచి కుర్చీలో పెట్టి, తాను కూడా భర్త ఎదురుగా కూర్చుంది.

"పొద్దుటి వెంట్రుక కూడా నాది కాదు," అంది.