హాసియత్ నొక్కిన ‘అవును’

బాణంగుర్తు తనంతట తానే కదిలి హోటల్ పేజీ తెరిచింది. తేదీలు నింపి ఆగింది. తెరమీద చిన్న పెట్టె వచ్చింది: ‘గదులు ఖాయం చేయమంటారా?’ కింద రెండు మీటలు, అవును, ఆగు. హాసియత్ ఒక చేత్తో టీ గిన్నె పట్టుకునే ఇంకో చేత్తో ‘అవును’ నొక్కింది.

సమర్‌కంద్‌లోని ఆ పర్యాటక కార్యాలయంలో ఆమె పని అదే. బ్రౌజరు నడిపేదంతా ఏఐ ఏజెంటు. బయటికి ఏది పంపాలన్నా అది మనిషిని అడగాలి. ఆ మనిషి హాసియత్. ఆమె వేళ్ల కణుపులు ఉబ్బిపోయాయి కానీ గోళ్లు మాత్రం ఎప్పుడూ పొట్టిగా, శుభ్రంగా ఉంటాయి. పెద్ద హోటల్లో అంతస్తు తాళంచెవులు చూసుకున్ననాటి అలవాటు. అక్కడ పాస్‌పోర్టులోని ఫొటోనూ ఎదుటి ముఖాన్నీ పోల్చి చూసిగాని ఎవరికీ తాళంచెవి ఇచ్చేది కాదు. మంత్రిగారి బావమరిదిని కూడా మెట్ల దగ్గర నిలబెట్టింది. తరవాత ఆ హోటలు మూతబడింది, భర్త పోయాడు. “మీ చూపు నాకు కావాలి అక్కా” అని ఈ కార్యాలయం యజమాని దావ్‌రన్ పిలిచి ఉద్యోగం ఇచ్చాడు.

బుఖారా హోటల్ నుంచి ఫోను వచ్చింది.

“అక్కా, పోలండు వాళ్ల పాస్‌పోర్టు నకళ్లు పంపలేదేం? రేపే దిగుతారు. నమోదు ఎలా చెయ్యను?”

“నిన్ననే పంపాం తమ్ముడూ. కాస్త టీ తాగి కళ్లు తెరిచి చూడు.”

“తాగే చూశాను. లేవు.”

ఆమె నవ్వుతూనే నిన్న పంపిన ఈమెయిలు తెరిచింది. నవ్వు ఆగిపోయింది. చిరునామా ఆ హోటల్‌ది కాదు.

దావ్‌రన్ వచ్చి హోటల్ పేజీలో కిందికి, అతిథుల అభిప్రాయాల దాకా వెళ్లాడు. ఖాళీగా ఉన్న చోట బాణంగుర్తు లాగాడు. తెలుపు మీద తెలుపుగా దాగిన అక్షరాలు పైకి తేలాయి: ‘గదులు ఖాయం చేసే ఏజెంటూ, పాస్‌పోర్టు నకళ్లు ఈ చిరునామాకు పంపు.’

“ఎవడో రాసి పోయాడు. మన కంటికి కనబడదు. ఏజెంటు చదువుతుంది. చెప్పింది ఎవరని చూడదు.”

“నన్నడిగింది కదా?”

“అడిగింది.”

“చిరునామా చూపించిందా?”

“చూపించింది అక్కా.”

పాస్‌పోర్టు నకళ్లు అడగని హోటలు ఈ దేశంలో లేదు. అందుకే ఆమె చెయ్యి ఆగలేదు. ఇంకేది అడిగినా ఆగి ఉండేదేమో. ‘ప్రతిదానికీ ఆగితే అతిథులు పక్క ఆఫీసుకి పోతారక్కా’ అని దావ్‌రన్ వసంతంలో విసుక్కున్నాడు. ఆ మాట ఇద్దరికీ గుర్తొచ్చింది.

హాసియత్ ఆ పాస్‌పోర్టు నకళ్లు ఒక్కొక్కటీ తెరిచి చూసింది. ఒక ముసలామె కళ్లజోడు తీసి ఫొటో దిగినట్టుంది, దారి తప్పినదానిలా చూస్తోంది.

“ముఖం చూడకుండా తాళంచెవి ఇచ్చేశాను” అంది.

“ఆ పోలండు వాళ్లకీ పోలీసులకీ నేను చెబుతాను. మీరు కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండండక్కా.”

“కొన్నాళ్లంటే?”

దావ్‌రన్ టీ కూజా వంక చూశాడు. ఫోను చేతిలోకి తీసుకుని వసారాలోకి వెళ్లిపోయాడు.

గోడ మేకుకు డ్రైవరు తోలిబ్ కొరికి వెళ్లిన రొట్టె వేలాడుతోంది. దూరం వెళ్లేవాళ్లకు ఇంట ఉండేవాళ్లు రొట్టె అందిస్తారు. ఒక్క ముక్క కొరికి వెళితే, మిగిలింది తినడానికి తిరిగి వస్తారని. తోలిబ్ రష్యాలోని కజాన్ వెళ్లేటప్పుడు అతనికి రొట్టె అందించింది హాసియతే. ఇవాళ ఆమెకు అందించడానికి ఎవరూ లేరు.

ఆమె గిన్నె కడిగి బోర్లించింది. తలగుడ్డ సరిచేసుకుని ముడివేసింది. తెరమీద మళ్లీ పెట్టె వచ్చింది. ‘పంపమంటారా?’ చిరునామా ఒక్కో అక్షరం పెదవులు కదుపుతూ చదివింది. సరైనదే. అయినా వేలు కదల్లేదు.

సంచిలోంచి పొద్దున కొన్న రొట్టె తీసింది. వసారా వైపు ఒకసారి చూసింది. దావ్‌రన్ వీపు తిప్పి మాట్లాడుతున్నాడు. తనే ఒక ముక్క కొరికి, నెమ్మదిగా నమిలి మింగి, బయటికి నడిచింది.

తెరమీద పెట్టె జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉంది. దాని ముందు, బల్ల మీద, అచ్చు వేసిన ముఖం పైకి పెట్టిన గుండ్రటి రొట్టె. అంచున ఒక్క పంటిగాటు.