పగ్గం వదలని చేతులు

నాగజ్యోతికి విమానం నడపడంలో అన్నీ వచ్చు, ఒక్కటి తప్ప. పడబోయే విమానం ముక్కు కిందికి దించడం ఆమె వల్ల కావడం లేదు.

దాన్ని స్టాల్ అంటారు. ఇంజను బాగానే మోగుతుంటుంది. కానీ ముక్కు మరీ పైకెత్తేసరికి రెక్కల మీద గాలి చెదిరిపోయి, విమానం నిలవలేక జారుతుంది. అప్పుడు కంట్రోలు ముందుకు నెట్టి ముక్కు దించాలి. ఎదురుగా భూమి కనబడుతున్నా సరే దించాలి. రెక్కలకు గాలి పట్టు దొరికాక పైకి లేవవచ్చు. శిక్షణలో బాగా ఎత్తుకు వెళ్ళి కావాలనే ఇలా చేయించి, బయటపడటం నేర్పుతారు. నిద్రలో లేపి అడిగినా నాగజ్యోతి ఇదంతా అప్పజెబుతుంది. గాల్లో మాత్రం ముక్కు వాలగానే ఆమె చేతులు వెనక్కి లాగేస్తాయి.

"ఏం లాగుతున్నావమ్మా, ఎద్దులనా?" అన్నాడు శిక్షకుడు మొహిద్దీన్ బాషా ఒకరోజు.

ఆయన ఎగతాళికే అన్నాడు గానీ, అది అక్షరాలా నిజం. ఒంగోలు దగ్గరి పల్లెలో ఆమె తండ్రి వీరాంజనేయులు బండలాగుడు పోటీలకు ఎద్దుల్ని పెంచుతాడు. పందెంలో ఎద్దు తడబడితే పగ్గం పట్టినవాడు లాగి దాని తల పైకెత్తాలి. తల నేలకు ఆనిందంటే ఆ ఇంటి పరువు నేలకు ఆనినట్టే. జడలు వేసుకునే వయసు నుంచీ ఆ పగ్గం పట్టిన చేతులు ఆమెవి.

"సోమవారం ఇంకోసారి చూస్తాను," అన్నాడు బాషా. "అప్పుడూ లాగితే నిన్ను ఒంటరిగా పైకి పంపలేను, ఇంటికే పంపాలి. కోపం కాదమ్మా, భయం."

శనివారం ఆమె ఇంటికి వచ్చింది. సంగతి వింటూ తండ్రి, "స్టాలంటే మిరపకాయల యార్డు ముందర టీ స్టాలే నాకు తెలిసింది. ఇదేందో ప్రాణం తీసే స్టాలు," అని నవ్వబోయాడు. కూతురి ముఖం చూసి ఆపేశాడు.

మర్నాడు పొద్దున్నే కబురొచ్చింది. రాత్రి వానకు మిరపచేను గట్టు మీద కాలు జారి తెల్లోడు పడిపోయాడు. ఒకప్పుడు జిల్లా అంతా చెప్పుకున్న ఎద్దు. పందేలు మానేసి ముసలిదయినా, ఆ ఇంట్లో మొదటి ముద్ద దానిదే.

వాళ్ళు వెళ్ళేసరికి తెల్లోడు నల్లరేగడి బురదలో కూలబడి రొప్పుతున్నాడు. గట్టు మీద ఊరు సగం చేరింది. వీరాంజనేయులు బురదలోకి దిగి, పగ్గం రెండు చేతుల చుట్టూ చుట్టుకుని దాని తల పైకి లాగి పట్టుకున్నాడు. పొరుగు రైతు కోటేష్ వెనక నుంచి ఎత్తబోయాడు. ఎద్దు కదలలేదు. కళ్ళు తేలేస్తోంది.

అప్పుడు చూసింది నాగజ్యోతి. పశువు లేచేటప్పుడు ముందు తల వంచి ముందుకు తోసుకుంటుంది, వెనక కాళ్ళు లేపుతుంది, ఆ తర్వాతే ముందు కాళ్ళు. గొడ్లున్న ప్రతి ఇంట్లో రోజూ కనబడేదే. తండ్రికీ తెలుసు.

"నాన్నా, వదులు. తల దించుకోనీ."

"దించితే ఇంక ఎత్తదే."

"దించకపోతే లేవదు నాన్నా."

"నాకు తెలీదా? ఇంతమందిలో వాడి తల బురదలో పెట్టమంటావా?"

ఆయన ఏడుస్తున్నాడు. తన చేతులు కూడా ఆ పగ్గం మీదే ఉన్నట్టు అనిపించింది నాగజ్యోతికి.

ఎంతసేపు లాగాడో, చివరికి అరచేతులు ఒరుసుకుపోయి పగ్గం ఆయన చేతుల్లోంచి జారింది. తెల్లోడు వెంటనే మూతి బురదకు ఆనించాడు. వెనక కాళ్ళు లేచాయి. నడుము పూర్తిగా లేచి, ముందు మోకాళ్ళ మీద నిలబడి, సత్తువ చాలక పక్కకు ఒరిగిపోయాడు. మళ్ళీ కదల్లేదు.

వీరాంజనేయులు దాని మెడ మీద చేయి వేసి అక్కడే కూర్చుండిపోయాడు. "లేచేవాడే," అన్నాడు. "ముందే వదిలుంటే లేచేవాడే అమ్మా."

కాదని చెప్పాలనుకుంది. అబద్ధం నోటికి రాలేదు.

సోమవారం విమానం ఎత్తుకు చేరాక బాషా తల ఊపాడు. ఆమె ముక్కు పైకెత్తింది, వేగం తగ్గింది, రెక్కలు వణికాయి, ముక్కు వాలింది. ఎదురుగా నేల తప్ప ఏమీ లేదు. చేతులు వెనక్కి గుంజాయి.

ముందుకు నెట్టింది.

విమానం తల వంచుకుని పడింది. పడుతూ ఉండగానే రెక్కలకు గాలి పట్టు దొరికింది. బాషా చేయి కంట్రోలు దాకా వచ్చి, ముట్టుకోకుండా వెనక్కి వెళ్ళింది.

కిందికి దిగాక ఆమె తండ్రికి ఫోన్ చేసింది.

"వదిలాను నాన్నా."

వీరాంజనేయులు అడిగాడు.

"లేచిందా?"

"లేచింది."