పన్నెండో తూటా

నేను ఒక ఇత్తడి తూటా గుల్లను. తుపాకీ పేలాక గుండు ముందుకు పోతుంది, పొగ పైకి పోతుంది, నేను పక్కకు ఎగిరి నేలమీద పడతాను. మా హైదరాబాదు వైపు, తుపాకీ గురి సాధన చేసే రేంజిలో నన్ను ఖోకా అంటారు. గుండు ఎక్కడ తగిలిందో అందరూ వెళ్లి చూసి వస్తారు. ఖోకా ఎక్కడ పడిందో ఎవరికీ పట్టదు, కాలికింద పడి జారితే తప్ప. నా జాతిలో చాలామందికి ఒక్క పేలుడుతో బతుకు ముగుస్తుంది. నాకు తొమ్మిది దక్కాయి. ఎవరి చలవో చెప్పుకోకపోతే కృతఘ్నత అవుతుంది.

పుట్టినప్పుడు నా మూతి వెడల్పు. ఎవరో పెద్దమనిషి నన్ను ఒకసారి పేల్చి, గురి తప్పి, తుపాకీని తిట్టి వెళ్లిపోయాడు. దుమ్ములో పడివున్న నన్ను ఏరుకున్న చేతులు దేవసహాయం గారివి. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరు. వెంట్రుక మందాన్ని వేళ్లతో తడిమి చెప్పగలడని పేరు. భార్య పోయింది. కొడుకు రైలింజను డ్రైవరు, వారంలో నాలుగు రోజులు పట్టాలమీదే ఉంటాడు. ఇంట్లో మామయ్యా, కోడలూ.

కోడలి పేరు ఎస్తేరు. రైల్వే స్కూల్లో ఆటల టీచరు. ఆమె తండ్రి మిలిటరీలో తుపాకులు బాగుచేసేవాడు. పింఛనుకు వచ్చాక సొంత ఆలోచనతో ఒక రైఫిల్ తయారుచేసుకున్నాడు. దాని గొట్టానికి సరిపోయే తూటా ఏ కర్మాగారమూ చెయ్యదు. అలాంటి ఇంటి తయారీ తూటాను వైల్డ్‌క్యాట్ అంటారు, అంటే అడవిపిల్లి. తయారుచేసేవాడు ఉన్నన్నాళ్లే ఆ తుపాకీకి నోరు. ఆయన పోయాక రెండేళ్లు అది బీరువాలో మూగగా పడివుంది. ఒకరోజు దేవసహాయం గారు దాన్ని తీసి, గొట్టంలోకి చూసి, "మీ నాయన మంచి పనోడు బిడ్డా. దీన్ని గిట్ల పండబెడితే పాపం తగుల్తది" అన్నాడు.

అక్కణ్నుంచి ఆయన రిటైర్మెంటుకు ఒక పని దొరికింది. ఏడాది తిరిగి తూటాలు నింపే లైసెన్సు తెచ్చుకున్నాడు, ఆ కాగితానికి అద్దం కట్టించి గోడకు తగిలించాడు. నాలాంటి వెడల్పు మూతుల వాళ్లను ఏరి, కడిగి, మెడ కాచి మెత్తబరిచి, కాస్త నూనె రాసి, ఉక్కు అచ్చులోకి కొంచెం కొంచెంగా నొక్కాడు. నా తోటివాళ్లలో సగంమంది ముడతలు పడి చెత్తబుట్టలోకి పోయారు. నేను సన్నటి మూతితో బయటికి వచ్చాను. అడుగున నిప్పు పుట్టించే కొత్త క్యాప్, కడుపులో తుపాకీ మందు, మూతిలో గుండు. మళ్లీ ఒక తూటానయ్యాను.

ఎస్తేరు నన్ను మొదటిసారి పేల్చిన రోజు రేంజి దగ్గర ఆయన బొటనవేలితో నా మెడ తడిమి, పగులు లేదని తేల్చుకుని, "నిలబడ్డది" అన్నాడు. అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు.

ఇలా మూడేళ్లు గడిచాయి. ఎస్తేరు గురి ఎంత కుదిరిందంటే, రాష్ట్ర జట్టు ఎంపికకు ఆమెను పిలిచారు. మొదటి పోటీ యాభై మీటర్ల మీద. అంత దగ్గరి గురికి మందు తక్కువ చాలు, నా కడుపులో సగానికి పైగా ఖాళీ ఉంటుంది. చిక్కు అక్కడే ఉంది. పొరపాటున ఒకే గుల్లలో రెండుసార్లు మందు పోసినా పొంగి బయటికి రాదు. ఆ తూటాకు తుపాకీ తట్టుకోదు, పగిలిపోతుంది. పేల్చేవాళ్ల చెంప ఆ తుపాకీకే ఆనుకుని ఉంటుంది.

ఆయనకు ఆ సంగతి తెలియదని కాదు. అందుకే రెండు నియమాలు పెట్టుకున్నాడు. గుండు బిగించే ముందు ప్రతి గుల్లలోకీ టార్చి వేసి చూడాలి. ఇరవై తూటాలకు ఇరవై ఒక్క కొలతల మందు గిన్నెలో తీసుకోవాలి. పని అయ్యాక ఒక్క కొలత మిగిలితే అంతా సవ్యం.

పోటీకి ముందురోజు మధ్యాహ్నం నాలో మందు పోసి పక్కన పెడుతుండగా వాకిట్లో పోస్ట్‌మ్యాన్ కేకేశాడు. ఆయన లేచి వెళ్లి సంతకం పెట్టి వచ్చాడు. కూర్చుని మళ్లీ నన్నే తీసుకున్నాడు. రెండో కొలత నామీద రాలుతుంటే నాకు తెలిసిపోయింది. నాకు నోరుంది కానీ మాట లేదు. అందరిలో పోయడం అయ్యాక టార్చి వేసి చూశాడు. మా ఇరవై మందీ ఆయన కంటికి ఒకే మసకగా కనిపించాం. తలూపాడు, నా నోట్లో గుండు బిగించాడు. అంతలో ఎస్తేరు బడినుంచి వచ్చి, "అయినయా మామయ్యా?" అంటే పెట్టె ఆమె చేతికిచ్చాడు. కొలత మిగిలిందో లేదో చూడకుండానే గిన్నెమీద మూత అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున ఎస్తేరు రేంజికి వెళ్లిపోయాక, మిగిలిన మందు డబ్బాలో పోద్దామని ఆయన మూత తీశాడు. గిన్నె ఖాళీ.

ఇదీ, ఆ తర్వాతి గంట సంగతీ ఆయనే ఎస్తేరుకు చెప్పగా విన్నాను. చెప్పులు మరిచిపోయి వీధిలోకి పరుగెత్తాడు. ఆటో దొరికింది. మల్కాజిగిరి దాటక ముందే రైల్వే గేటు పడింది, ఎదురుగా కదలని గూడ్సు. రైల్వేలో పనిచేసినన్నాళ్లు వేసివున్న గేటు దాటినవాణ్ని చూస్తే మండిపడ్డ మనిషి. ఆవేళ గేటు కింద దూరి, గూడ్సు పెట్టెల మధ్య కొక్కేలు పట్టుకుని అవతలికి దిగాడు. అటుగా పోతున్న పాల వ్యానుకు చేతులడ్డం పెట్టి ఆపి ఎక్కాడు.

అప్పటికి రేంజిలో మాలో పదకొండు తూటాలు పేలాయి. ఎస్తేరు అందరికంటే ముందుంది. పెట్టెలోంచి నన్ను తీసుకుంది, పన్నెండోది. ఆమె వేళ్లు చల్లగా, నిదానంగా ఉన్నాయి. నన్ను గొట్టంలోకి తోసి బోల్టు మూసింది. చీకటి. ఇత్తడికి భయం ఉంటుందని మీరు నమ్మరు. ఆ చీకట్లో నేను భయపడ్డది నాకోసం కాదు.

దేవసహాయం గారు రేంజి గేటుదగ్గర్నుంచి అరుస్తున్నాడు. చెవులకు కప్పులు పెట్టుకున్న ఎస్తేరుకు వినపడదు. రేంజి ఆఫీసరు నరహరి గారు మాత్రం చూశాడు. చెప్పుల్లేకుండా, రెండు చేతులూ పైకెత్తి, తెల్లచొక్కా తడిసి పరుగెత్తి వస్తున్న ముసలాయన. ఎందుకో నరహరి గారికి తెలియదు. అయినా కారణం అడుగుతూ నిలబడలేదు, విజిల్ ఊది ఎర్రజెండా ఎత్తాడు. అలా ముందు ఆపి తర్వాత అడిగినందుకు ఆ మనిషికి నా నమస్కారం. జెండా కంట పడగానే ఎస్తేరు వేలు ట్రిగ్గరు మీంచి లేచింది. బోల్టు తెరిచింది. వెలుగులోకి వచ్చాను.

"ఏమైంది మామయ్యా? గిట్ల ఉరికొచ్చిన్రు? కాళ్లకు చెప్పుల్లేవు!"

"ఒక్కదాంట్ల రెండుసార్లు మందు వోసిన బిడ్డా." ఊపిరి అందడం లేదు ఆయనకు.

"ఏ దాంట్ల?"

"తెల్వదు."

చుట్టూ జనం చేరారు. దేవసహాయం చేతిపని చూసి అసూయపడ్డవాళ్లే అందులో సగం. నరహరి గారు మెల్లగా అన్నాడు: "పదకొండు మంచిగనే పేలినయి. వేరే తూటాలు లేకుంటే ఇయ్యాల ఈమె పేరు కొట్టెయ్యాలె. ఆలోచించు దేవసహాయం."

"ఆలోచించేది ఏముంది సార్, కొట్టెయ్యిండ్రి" అన్నాడాయన. అందరూ వినేలాగే అన్నాడు. "తప్పు నాది. రాసుకోండ్రి."

ఎస్తేరు మిగిలిన ఎనిమిదింటినీ పెట్టెలో సర్దింది. నన్ను మాత్రం గుప్పిట్లోనే ఉంచుకుంది.

ఇంటికొచ్చాక బల్లముందు కూర్చుని ఒక్కొక్క తూటానూ ఆమే తూచింది. నాదగ్గర త్రాసు ముల్లు కిందికి వాలింది. నా గుండు ఊడదీసి మందు కాగితం మీద పోసింది. పక్కన ఇంకో తూటా మందు పోసింది. రెండు కుప్పలూ పక్కపక్కన. నాది రెండింతలు. తర్వాత టార్చి వేసి ఒక ఖాళీ గుల్ల ఆయనకు అందించింది.

"లోపల ఏమన్న కనిపిస్తుందా మామయ్యా?"

ఆయన తిప్పి తిప్పి చూశాడు. "మబ్బుగ ఉంది."

"ఎన్నాళ్లసంది?"

"ఎనిమిది నెల్లయితుందేమో."

"నాకెందుకు చెప్పలే?"

ఆయన తల దించుకున్నాడు. "చెప్తే ఈ పని మాన్పిస్తవనుకున్న. ఇది గూడ పోతే నేనెందుకు బిడ్డా ఇంట్ల?"

చేసిన పనిలో వెంట్రుకవాసి తేడా ఒప్పుకోని మనిషి, తన కంటి పొరను ఎనిమిది నెలలు దాచాడు. మనుషుల కొలతలు ఇలాగే ఉంటాయి. ఎస్తేరు కళ్లు తుడుచుకుని లేచింది. "ఆటో పిలుస్త. కంటి దవాఖానకు పోదాం. ఎంపిక మళ్ల యాడాది గూడ వస్తది. మీరు ఉరికి రాకపోయుంటే నాకు ఆ యాడాది గూడ లేకుండె."

శుక్లానికి ఆపరేషను అయింది. కంటికి కట్టు ఉన్న రోజుల్లోనూ తూటాల పని ఆగలేదు. బల్ల దగ్గర ఎస్తేరు, పక్కన స్టూలుమీద ఆయన. ఆమె మందు పోసినప్పుడల్లా నోటితో పైకి చెప్పాలి, పోసిన గుల్లను వెంటనే కుడిపక్క అరకు మార్చాలి. వాకిట్లో ఎవరు పిలిచినా చేతిలోది పూర్తయ్యేదాకా లేవకూడదు. చివర్లో గిన్నె ఇద్దరూ చూడాలి. ఇవి ఆయన పెట్టిన కొత్త నియమాలు. నేర్పుతుంటే ఆయన గొంతులో వర్క్‌షాపు నాటి బిగువు తిరిగొచ్చింది. ఆమె తప్పు చేస్తే, "అట్ల కాదు తల్లీ, ఇత్తడిని బెదిరియ్యొద్దు, బతిమాలాలె" అనేవాడు.

మరుసటి ఏడు ఎస్తేరు ఎంపికకు వెళ్లింది. ఎంపిక మార్కుల గీత దాటలేకపోయింది. ఆ పైయేడు మూడో స్థానంలో జట్టులో చేరింది. ఆ రోజు ఆమె పేల్చిన వాటిలో నేనూ ఉన్నాను. అది నా తొమ్మిదో పేలుడు.

వారం తర్వాత ఎస్తేరు మమ్మల్ని కడిగి, చూసి, మళ్లీ నింపడానికి వరసపెట్టింది. ఆయన అలవాటుగా ఒక్కొక్కరినీ కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తూ నాదగ్గర ఆగాడు. అద్దాలు పైకి తోసి మళ్లీ చూశాడు.

"మెడమీద సన్నటి గీత. పగులు."

ఎస్తేరు తీసుకుని చూసింది, కనిపించలేదు. వెలుగుకు వాలుగా తిప్పి చూపించాడు. అప్పుడు కనిపించింది. "మీకెట్ల కనవడ్డది మామయ్యా, నాకే కనవడలే!"

ఆయన నవ్వాడు. మూడేళ్లలో ఆయన అలా నవ్వడం నేను చూడలేదు. పట్టకారుతో నా మూతి నొక్కేశాడు, పొరపాటున మళ్లీ ఎవరూ నింపకుండా. తర్వాత నన్ను పాత ఇత్తడి డబ్బాలో వేశాడు.

ఇప్పుడు ఆ డబ్బాలోనే ఉన్నాను, కొళాయి ముక్కలూ విరిగిన గడియలూ నా తోడు. నిండాక కరిగించేవాడి దగ్గరికి వెళతామట. గొళ్లెమో, గంటో, ఏదో ఒకటి అవుతాను. నాకు బెంగ లేదు. నన్ను పక్కన పెట్టింది ఒక కన్ను, ఆ కన్ను ఇప్పుడు బాగా చూస్తోంది.