తీసేసిన చరణం

శనివారం మధ్యాహ్నం ఇరవై మందికి చికెన్ పలావు చేస్తున్నాను. కింద బేస్‌మెంట్‌లో మా తెలుగు ఫెలోషిప్ క్వయర్ ప్రాక్టీసు నడుస్తోంది. కీబోర్డు ముందు మా ఆయన ఎరిక్, క్వయర్ లీడరు ఆయనే. వారమంతా వేర్‌హౌస్‌లో నిలబడి పెట్టెలు కట్టిన కాళ్ళు నావి, శనివారం కూడా నిలబడే ఉన్నాయి. పది నిమిషాల్లో టీ పంపించమని, గొంతులు ఆరిపోతున్నాయని కింద నుంచి కేక వచ్చింది. నా గొంతు సంగతి ఎవరికీ పట్టదు. ఒళ్ళు మండేది ఎందుకంటే, వాళ్ళు నేర్చుకుంటున్న పాట ఈ ఇంటికి నా గొంతులోంచే వచ్చింది.

నాకు నేర్పింది డెలోరిస్. వాన్ అనే ఊళ్ళో మేం పనిచేసే వేర్‌హౌస్‌లో ప్యాకింగ్ లైన్ మీద నా పక్క టేబుల్ ఆవిడది. నల్లజాతి మనిషి, అరవై దగ్గర పడ్డాయి. వాళ్ళ అమ్మమ్మవాళ్ళది హాలిఫాక్స్ నగరం అంచున ఉండిన ఆఫ్రిక్‌విల్. నూరేళ్ళకు పైగా నల్లవాళ్ళు కాపురాలున్న ఆ పేటను నగరంవాళ్ళు బుల్డోజర్లతో చదును చేశారట, సామాన్లను చెత్త లారీల్లో తరలించారట. అలాంటి లారీ వెనక కూర్చుని వాళ్ళ అమ్మమ్మ కట్టుకున్న పాట అది. పల్లవిలో "ప్రభువా, తలుపు తియ్యి" అని ఉంటుంది. అసలు సంగతి చరణంలో ఉంటుంది. చెత్తబండి మీద మా మంచాలు వేశారు, మమ్మల్నీ వేశారు, మేం చెత్త కాము, మా తలుపు మాకిచ్చేదాకా ఈ నోరు మూయం, అని. తమవాళ్ళు కోర్టుకెళ్ళినా, ఊరేగింపుకెళ్ళినా, పోలీసులు చంపిన బిడ్డను పాతిపెట్టడానికెళ్ళినా పాడుతూనే వెళ్ళారని డెలోరిస్ ఒకసారి చెప్పింది. పాట ఆపితే భయపడ్డామనుకుంటారట.

ఆ మాట విన్నరోజు మా అమ్మ గుర్తొచ్చింది. చీరాల దగ్గర మా ఊళ్ళో అమ్మ నాట్లు వేస్తూ పాడుతుంటే కామందు గట్టు మీద కుర్చీ వేయించుకుని వినేవాడు. మాలపల్లి గొంతులో ఏదో ఉందిరా అని మెచ్చుకునేవాడు. దాహమంటే మాత్రం నీళ్ళు పైనుంచి దోసిట్లో పోయించేవాడు. పాట కావాలి, పాడే మనిషి మాత్రం చెంబు ముట్టుకోకూడదు. నా వచ్చీరాని ఇంగ్లీషులో ఇదంతా చెబితే డెలోరిస్ టేపు కోస్తున్న చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది. అప్పటినుంచి ఇద్దరం కలిసే పాడుతున్నాం. ఇద్దరిలో నాదే పెద్ద గొంతు.

గిన్నెలు తోముతూ పాడుతుంటే ఎరిక్ విన్నాడు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో నా పాట ఆయన నిలబడి వినడం అదే మొదలు. ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. ఫిబ్రవరి కదా, బ్లాక్ హిస్టరీ మంత్, నల్లవాళ్ళ చరిత్రను తలుచుకునే నెల. ఊళ్ళో చర్చిలన్నీ కలిసి చేసే ప్రోగ్రామ్‌లో మన తెలుగువాళ్ళం బ్లాక్ గాస్పెల్ పాడితే అందరూ అదిరిపోతారన్నాడు. చరణం మాత్రం తీసేశాడు. ముందు వరుసలో కౌన్సిలర్ కూర్చుంటాడట, చెత్తబండి మాటలు అతని ముందు ఎందుకట. బీటు బావుంది, పల్లవి చాలట. పోనీ డెలోరిస్‌ను పిలుద్దామంటే, ఆవిడొస్తే మైకు ఆవిడ చేతిలోనే ఉంటుందన్నాడు. నల్లవాళ్ళతో మరీ రాసుకుపూసుకు తిరగొద్దని కూడా చెప్పాడు. కామందు ఇంటి నీళ్ళు దోసిట్లో తాగిన తల్లికి పుట్టినవాడే ఈయన కూడా.

ఇది ఇంతటితో ఉంటే ఎప్పట్లాగే పళ్ళబిగువున భరించేదాన్నేమో. ముందు రోజు శుక్రవారం వేర్‌హౌస్‌లో మేమిద్దరం పాడుతుంటే కొత్త సూపర్‌వైజర్ వచ్చాడు. నా నోరు కదులుతూండగానే నన్ను దాటుకుని వెళ్ళి డెలోరిస్ ముందు నిలబడ్డాడు. అతనికి చప్పుడు ఆవిడ ఒంటి రంగులోంచే వినిపించింది. ఆవిడకు ఇదివరకే రెండు వార్నింగులున్నాయి, మూడోది పడితే ఉద్యోగం పోతుంది. దానికి పక్క టేబుల్ మనిషి సాక్ష్యం కావాలట. డెలోరిస్ పాట వల్ల నేను పని చేసుకోలేకపోతున్నానని ముందే టైపు చేసిన కాగితం తెచ్చి, సంతకం పెట్టమని పెన్ను ఇచ్చాడు. నేనేమన్నానో తెలుసా? ఇంట్లో అడిగి సోమవారం చెబుతానన్నాను. నలభై ఆరేళ్ళదాన్ని, అబద్ధం చెప్పాలో వద్దో మొగుణ్ణి అడిగి చెబుతానన్నాను. సిగ్గుతో డెలోరిస్ వైపు తల తిప్పలేకపోయాను.

ఇంటికొచ్చి చెబితే ఎరిక్ నిమ్మకు నీరెత్తినట్టు టీవీ చూస్తూనే ఉన్నాడు.

"పెట్టెయ్. మనం బతకడానికొచ్చాం సుందరీ, ఊళ్ళోవాళ్ళ గొడవలు నెత్తినేసుకోడానికి కాదు" అన్నాడు. ఆ వెంటనే, రేపు పలావులోకి పెరుగుచట్నీ మర్చిపోవద్దన్నాడు.

టీ తీసుకుని బేస్‌మెంట్‌లోకి దిగేసరికి ఆడవాళ్ళ వరుస రెండో లైను దగ్గర తడబడుతోంది. ఎరిక్ నన్ను చూసి, అదొక్కటీ పాడి చూపించి వెళ్ళమన్నాడు. ట్రే కింద పెట్టాను. రెండో లైను పాడాను. ఆగలేదు. చరణం ఎత్తుకున్నాను. చెత్తబండీ, మంచాలూ, మూయని నోరూ, అన్నీ పాడాను. కీబోర్డు ఎక్కడో మధ్యలో ఆగిపోయింది. ఎరిక్ అందరికీ కనిపించేలా నవ్వి, ఆ ముక్క మనకక్కర్లేదన్నాడు.

"అది లేకుండా పాడితే దొంగతనం అవుతుందండీ. నేను నేర్పిన పాట, చరణం తీసేసి పాడించొద్దు. ఆ కాగితం మీద సంతకం కూడా నేను పెట్టడం లేదు" అన్నాను.

మా ఆయనకు జవాబు చెప్పడం నా వల్ల కాదని ఇన్నేళ్ళూ అనుకున్నాను. చెప్పేశాను. కోపంతో ఒళ్ళంతా వేడెక్కింది, అంతే.

ఆయన నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "పదిమందిలో నా పరువు తీయకు. పైన పలావు మాడుతున్నట్టుంది, వెళ్ళి చూసుకో."

"మాడనివ్వండి" అన్నాను.

క్వయర్ మొత్తం తలలు దించుకుంది. వాళ్ళలో షెర్లీ ఒక్కతే లేచి పైకెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చింది. వచ్చి నా పక్కన కూర్చుంది.

సోమవారం పొద్దున లైన్ మొదలవక ముందే సంతకం లేని కాగితం సూపర్‌వైజర్ చేతిలో పెట్టాను. ఆ రోజు నేనూ పాడానని, డెలోరిస్ కంటే గట్టిగా పాడానని చెప్పాను. అలాగైతే నీ పేరు కూడా రాయాల్సొస్తుందన్నాడు, బెదిరిస్తున్నట్టు. రాయమన్నాను. నా పేరు పలకడం చేతకాక, వచ్చినప్పటినుంచీ నన్ను ఇంగ్లీషు మొదటి అక్షరంతో "జీ" అని పిలిచిన మనిషి అతను. పక్కనే నిలబడి జ్ఞానసుందరి అని ఒక్కో అక్షరం చెప్పి, చివరిదాకా రాయించాను.