పర్ణశాలలో పీట

గెర్షోము తాటాకుల మోపు ఈడ్చుకుంటూ వస్తున్నాడు, మట్టల కొసలు నేలను గీరుకుంటున్న చప్పుడు అతనికంటే ముందే వచ్చి చేరుతోంది, కెజియా మాత్రం చేతిలో గరిటెతో, ఇది తమ ఇంటి వాకిలో, లేక పొన్నూరు రోడ్డు పక్క పత్తిచేనో తేల్చుకోలేక నిలబడి ఉంది, ఎందుకంటే ఇంటి గోడలు ఎక్కడివక్కడే ఉన్నాయి గాని వాటి మధ్య మోకాలెత్తు పత్తి తెల్లగా పగిలి ఉంది. మొగుడు గెర్షోము చలికాలంలో జ్వరమొచ్చి పోయాడన్న సంగతి ఆమెకు గుర్తుంది. అయినా అతన్ని చూడగానే ముందు వచ్చింది కోపమే.

"ఇన్నాళ్ళకి తీరిందా నీకు?" అంటుంది. "ఊరందరి ఇళ్ళూ కప్పావు. మన ఇంటికొచ్చేసరికి రేపు చూద్దాంలే, ఎల్లుండి చూద్దాంలే అన్నావు. నువ్వు పోయాక తుఫానొచ్చి ఉన్న పాత కప్పు కాస్తా ఎత్తుకుపోయింది. నేనూ మీ అమ్మా పట్టా కింద కాపరం చేస్తున్నాం, తెలుసా?"

"అందుకే గదే ఆకు తెచ్చాను" అంటాడు గెర్షోము, తల గోక్కుంటూ.

అని, నిచ్చెనైనా లేకుండా పైకి చేరిపోతాడు, చేరగానే గోడలు నాలుగు సరుగుడు గుంజలవుతాయి, అతను తాటినార నోట కరుచుకుని ఆకు మీద ఆకు పరుస్తుంటే కెజియా కింద నుంచి తల ఎత్తి చూస్తుంది, చూస్తే కప్పు నిండా సందులే. ఇది గెర్షోము చేతిపని అంటే నమ్మేదెవరు? తమ పేటలో ఉన్న నాలుగైదు యూదు కుటుంబాలూ ఏటా పర్ణశాలల పండుగకు వాకిట్లో ఆకుల పందిరి వేసుకుంటాయి. ఆ కప్పులోంచి చుక్కలు కనబడి తీరాలి, అదీ ఆచారం. ఈ మహానుభావుడేమో చీమ దూరకుండా కప్పేసేవాడు. సమాజమందిరం పెద్దాయన వచ్చి, నవ్వాపుకుంటూ రెండాకులు లాగించేవాడు. ఇక ఆ సాయంత్రమంతా గెర్షోము సణుగుడే.

"ఇదేం కప్పడమయ్యా? చినుకు పడితే అన్నం కుండలోనే పడుతుంది."

"ఇల్లనుకున్నావా? పర్ణశాల. రేపు సాయంత్రం పండుగ గదా."

కెజియా చూపు దించుకుంటుంది. పొద్దున అత్త హదస్సా అడిగింది కూడా ఈ పందిరి గురించే. ఇల్లే పందిరైపోయింది, మళ్ళీ పందిరెందుకత్తా, ఈ ఏడు మనకు పండుగ లేదు అని కసిరేసింది తను. ముసలమ్మ ఆ పూట అన్నమూ తినలేదు.

"నేను వెయ్యను" అంటుంది కెజియా. "ఆ ఏడు రోజులూ సంతోషంగా ఉండమన్నాడు దేవుడు. నాకెక్కడిది సంతోషం? కప్పు లేదు, నువ్వు లేవు. నీ మీద బెంగతో చస్తున్నాను."

గెర్షోము దిగి వచ్చి ఆమె పక్కన నిలబడతాడు, కాళ్ళ కింద పత్తిచేను మెల్లగా ఇసుకైపోతుంది, ఆ ఇసుకలో చాలామంది మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, మేకల్ని తోలుకుంటూ నడిచిపోతుంటారు.

"ఎవరయ్యా వాళ్ళు?"

"మనవాళ్ళేనే. ఐగుప్తు దేశంలో వెట్టి ఒదిలించుకొచ్చినోళ్ళు. నలభై ఏళ్ళు ఎడారిలో ఒక్కళ్ళకీ సరైన కప్పు లేదు. అయినా పిల్లల్ని కన్నారు, పెళ్ళిళ్ళు చేశారు, వండుకు తిన్నారు. ఇంటి మీద కప్పున్నన్నాళ్ళూ వాళ్ళ గుర్తుగా పందిరేసుకున్నాం. కప్పు లేని ఏడు మానేస్తే ఎట్లా?"

ఆ నడిచేవాళ్ళలో ఒక ఆడమనిషి ఆగి, మూడు రాళ్ళు పేర్చి కుండ ఎక్కిస్తూ, పక్కదానితో ఏదో అని పకపకా నవ్వుతుంది. కెజియా ఆమెనే చూస్తూ ఉండిపోతుంది.

"ఇంకో మాట" అంటాడు గెర్షోము, గొంతు తగ్గించి. "ఆ వారం పితరులొచ్చి పందిట్లో కూర్చుంటారని మా అమ్మ పీటేస్తుంది గదా?"

"వేస్తుంది. తండ్రి అబ్రాహాముకని ఒక్క పీట."

"ఆయనెనకాలే నేనూ వద్దామని. నువ్వు పందిరే వెయ్యకపోతే నేనెక్కడ కూచోను, కెజియా?"

కెజియా కళ్ళనీళ్ళు కొంగుతో అద్దుకుని, ఉన్నట్టుండి చేతిలో గరిటె గుర్తొచ్చి, "గోంగూర పులుసుంది, రెండు ముద్దలు తిని వెళ్ళు" అంటుంది.

"రేపు చూద్దాంలే" అంటాడతను.

"నువ్వు మారవు" అని నవ్వేస్తుంది కెజియా, నవ్వుతుండగానే అతను మోపు అందుకుని ఇసుకలో నడిచేవాళ్ళ వెంట వెళ్ళిపోతాడు, మనిషి కనబడడు గాని మట్టలు నేలను గీరుకుంటున్న చప్పుడు మాత్రం ఎంతకీ ఆగదు.

కళ్ళు తెరిచినా ఆగలేదు. తెల్లవారింది, నెత్తిన నీలం పట్టా గాలికి కొట్టుకుంటోంది, పక్కన అత్త చాప ఖాళీగా ఉంది. కెజియా బయటికి వచ్చి చూస్తే, హదస్సా నడుం వంగిపోయి, చేనిగట్టు నుంచి ఒక్క తాటిమట్టను ఈడ్చుకుంటూ వస్తోంది. కోడలిని చూసి తిడుతుందేమోనని ఆగిపోయింది.

కెజియా వెళ్ళి మట్ట రెండో కొస అందుకుంది. "గుంజలెక్కడ పెట్టావత్తా?" అని అడిగింది.

ముసలమ్మ గోడ వైపు చెయ్యి చూపించింది. అక్కడ గుంజల పక్కన, కడిగి ఆరబెట్టిన పీటలు రెండున్నాయి.