డెబ్బై ఆరో నంబరు చొక్కా

ఇరవై ఆరేళ్లుగా కాల్డర్ బే పైలట్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి నేనే దర్జీని. ఆటగాడి వీపు మీద పేరు కనిపిస్తుందే, ఆ పట్టీ కుట్టేది నేను. వాణ్ణి జట్టు నుంచి పంపించేస్తే విప్పేదీ నేనే. పేపర్లో కోచ్ ఫోటో వేస్తారు, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఫోటో వేస్తారు. నా ఫోటో వెయ్యరు, వెయ్యమని నేను అడగనూ లేదు. కానీ ఎవరుంటారో, ఎవరు పోతారో పేపరు వాళ్లకంటే ముందు నా మిషనుకి తెలుస్తుంది.

నా దగ్గర కుట్లు రెండు రకాలు. జట్టులో అసలు సభ్యులైన యాభై ముగ్గురికీ పక్కా కుట్టు. సన్నటి జిగ్‌జాగ్, పట్టీ చుట్టూ రెండు వరసలు. నలుగురు మీద పడి లాగినా ఊడదు. ప్రాక్టీస్ జట్టులోంచి ఒక్క ఆట కోసం పైకి పిలిచే వాళ్లకి మాత్రం కచ్చా కుట్టు. పొడుగు టాకాలు వేసి వదిలేస్తాను, సోమవారం పొద్దున రెండు నిమిషాల్లో విప్పెయ్యొచ్చు. ఆ చొక్కా ఇంకొకడికి పోతుంది. ఈ పద్ధతి మా సామాన్ల గది పెద్ద ఆర్విల్ పెట్టాడు. వారం మనిషికి వారం కుట్టు చాలంటాడు.

ఇంకో పద్ధతి నాది. ఆదివారం ఆడబోయే వాళ్ల జాబితా శనివారం సాయంత్రం నాలుగింటికి లీగ్‌కి వెళ్తుంది. ఆ కాగితంలో పేరు కళ్లారా చూస్తే తప్ప నేను సూది ముట్టను. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారే తప్పాను. అది ఎజ్రా ప్రూయిట్ విషయంలో.

ఎజ్రాది జార్జియాలో వేరుశెనగ పండించే ఊరు. ఆరున్నర అడుగుల మనిషి, నూట నలభై కిలోలు. ముందు వరసలో నిలబడి, క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకే వాళ్లని ఆపడం అతని పని. మూడేళ్లుగా ప్రాక్టీస్ జట్టులోనే ఉన్నాడు. వారమంతా ఎదుటి జట్టు వేషం కట్టి మనవాళ్ల చేత దెబ్బలు తినడం, ఆదివారం కోటు వేసుకుని గీత అవతల నిలబడి చూడడం. అసలు ఆటలో ఒక్క బంతికి దిగినా చాలు, లీగ్ పుస్తకంలో పేరెక్కుతుంది. దిగకపోతే మూడేళ్లున్నా లేనట్టే లెక్క. ఇరవై ఎనిమిదేళ్లు వచ్చాయి. ఈ సీజన్ అయ్యాక ఇంటికొచ్చి మామగారి లారీలు చూసుకుంటానని భార్య కొరీన్‌కి మాటిచ్చాడు. అంటే మిగిలినవి పదిహేడు ఆదివారాలు.

మధ్యాహ్నం భోజనం నా గదిలోనే చేసేవాడు. వాళ్ల భోజనాల హాల్లో కుర్చీలు వాడికి ఆనవు.

"ఇరేనమ్మా, మీ ఇనప స్టూల్ ఒక్కటే నన్ను మొయ్యగలదు," అనేవాడు.

"తిను తిను. అది నా మొగుణ్ణి కూడా మోసింది, నువ్వో లెక్కా."

"ఆయనా ఇంత లావా?"

"ఇంత కాదు. కానీ నీలా వాగేవాడు కాదు."

ఆ ఏడు మా జట్టు ఆట గురించి చెప్పుకోడానికి ఏమీ లేదు. మొదటి ఎనిమిదింటిలో రెండు గెలిచాం. తొమ్మిదో వారం శుక్రవారం, ముందు వరస కోచ్ బ్రాస్క్ నా గుమ్మంలో తల పెట్టాడు.

"ఎజ్రా పేరు రెడీ చేసుకో ఇరేనమ్మా. వరసలో కుడి పక్కవాడికి పక్కటెముకలు దెబ్బతిన్నాయి. ఈసారి మనవాడే, ఖాయం."

"కాగితం రానీ."

"కాగితం కూడా నేనే రాస్తున్నాను కదా!"

అప్పుడైనా ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. వాడి మొహం చూడాలని నాకే తొందర. డెబ్బై ఆరో నంబరు చొక్కా తీసి, కచ్చా కుట్టు వేసి, తీసుకెళ్లి వాడి లాకర్‌లో తగిలించాను. ఎజ్రా వచ్చాడు, చూశాడు. బొటనవేలితో పేరు మొదటి నుంచి చివరి దాకా తడిమాడు. తర్వాత నడవాలోకి వెళ్లి ఫోన్ చేశాడు. కొరీన్ నాలుగేళ్ల కూతుర్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని మర్నాడు తెల్లారకముందే కారెక్కింది. పదిహేను గంటల దారి.

శనివారం నాలుగింటికి కాగితం వచ్చింది. పక్కటెముకల వాడు నొప్పి తెలియకుండా సూది మందు వేయించుకుని ఆడతానన్నాడట. ఎజ్రా పేరు లేదు.

చొక్కా తేవడానికి నాకు కాళ్లు రాలేదు. ఎజ్రాయే తెచ్చాడు. నా బల్ల మీద పరిచి, ఇనప స్టూల్ మీద కూర్చున్నాడు.

"ఆ చిన్న కత్తి ఇటివ్వండమ్మా."

"నేను విప్పుతాను, నువ్వెళ్లు."

"నా పేరే కదా. నేనే తీసుకుంటా."

ఆ పెద్ద పెద్ద వేళ్లతో ఒక్కొక్క టాకా కింద కత్తి పెట్టి తెంపాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తెగిన దారాలన్నీ ఏరి చెత్తబుట్టలో వేసి, పట్టీ మడిచి నా చేతిలో పెట్టాడు.

"కొరీన్ ఎక్కడుంది?" అన్నాను.

"ఒహాయో దాటిందంట. పెట్రోల్ బంకు దగ్గర ఆగి ఫోన్ చేసింది. పేరు లేదని నేనింకా చెప్పలేదు."

"తప్పు నాది ఎజ్రా. కాగితం రాకుండా కుట్టకూడదు."

"మీరేం చేస్తారమ్మా," అన్నాడు. తిట్టినా బాగుండేది. మర్నాడు చలిలో గీత అవతల, కోటు వేసుకున్న తండ్రి పక్కన ఆ పిల్ల పైలట్స్ టోపీ పెట్టుకుని నిలబడితే, నేను నా గదిలో మైదానం వైపు కిటికీ తెర వేసేశాను.

తర్వాత ఏడు ఆటలు అలాగే పోయాయి. రెండు గెలిచాం, అయిదు ఓడాం. ఎజ్రా భోజనానికి రావడం మానలేదు గానీ ఆదివారం ఊసు ఎత్తేవాడు కాదు. నేనూ ఎత్తలేదు.

జనవరి మొదటి వారం, ఆఖరి ఆట. గెలిచినా ఓడినా మాకూ ఎదుటి జట్టుకీ ఒరిగేది లేదు. శనివారం నాలుగింటికి ఆర్విల్ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. చివరి నుంచి రెండో పేరు ప్రూయిట్. నేను మూడుసార్లు చదివాను.

"కచ్చా కుట్టు వేసెయ్," అన్నాడు ఆర్విల్. "సోమవారం అందరి చేతా లాకర్లు ఖాళీ చేయిస్తున్నారు."

"నా పని నాకు తెలుసులే."

తలుపు వేసి కూర్చున్నాను. సన్న జిగ్‌జాగ్, చుట్టూ రెండు వరసలు. మూలల్లో ఇంకో వరస. సీజన్ మొత్తంలో క్వార్టర్‌బ్యాక్‌కి కూడా అంత గట్టిగా కుట్టలేదు.

ఎజ్రా లాకర్ దగ్గర చొక్కా చూసి, ఈసారి చెయ్యి వెయ్యలేదు.

"ఇంట్లో చెప్పావా?" అన్నాను.

"లేదమ్మా. మళ్లీ పదిహేను గంటలు తిప్పలేను."

అది నాకు తగలాల్సిన చోటే తగిలింది. నేను ఆ శుక్రవారం తొందరపడకపోతే రేపు పెళ్లాం, పిల్ల స్టేడియం మెట్ల మీద కూర్చుని చూసేవాళ్లు. పోనీ టీవీలో చూద్దామన్నా, రెండు చచ్చు జట్ల ఆట జార్జియాలో ఎవడు చూపిస్తాడు?

ఆదివారం మంచు పడుతోంది. మూడు భాగాలు అయిపోయినా ఎజ్రా బెంచీ మీదే ఉన్నాడు. నాలుగో భాగంలో మేం పధ్నాలుగు పాయింట్లు వెనక ఉండగా, బంతి వాళ్ల గీతకి రెండు గజాల దూరానికి చేరింది. అలాంటప్పుడు అడ్డుకునే మనిషిని ఒకణ్ణి అదనంగా, వరస చివర నిలబెడతారు. ఆ చోటు మామూలుగా బంతి పట్టేవాళ్లది. డెబ్బైల నంబరు వాడు, అంటే బంతి పట్టకూడని వాడు, అక్కడ నిలబడాలంటే ముందు రిఫరీ దగ్గరికెళ్లి చెప్పుకోవాలి. రిఫరీ మైకులో అందరికీ వినిపించాలి.

బ్రాస్క్ ఎజ్రా వీపు మీద చరిచాడు. నేను మైదానంలోకి వెళ్లే సొరంగం గుమ్మంలో సూది దారం పట్టుకుని నిలబడి ఉన్నాను. ఎజ్రా బరువుగా పరిగెత్తుకుంటూ వెళ్లి రిఫరీ ముందు రెండు చేతులూ గుండె మీద పైకీ కిందికీ రాసుకున్నాడు. మైకు గరగరలాడింది.

"డెబ్బై ఆరో నంబరు వచ్చి చెప్పుకున్నాడు. బంతి పట్టడానికి అర్హుడే."

ముప్పావు ఖాళీ స్టేడియం. నంబరే చెప్పాడు, పేరు చెప్పలేదు. ఆ మైదానంలో వాడి పేరు ఉన్నది ఒక్క చోటే, నేను కుట్టిన చోట.

బంతి కదిలింది. ఎజ్రా ఎదుటివాడి ఛాతీ కింద భుజం పెట్టి నాలుగడుగులు వెనక్కి తోశాడు. ఇద్దరూ మంచులో పడ్డారు, వాళ్ల మీద మరో ముగ్గురు పడ్డారు. ఆ సందులోంచి మావాడు బంతితో గీత దాటాడు. ఒకడు లేస్తూ ఎజ్రా పేరు పట్టుకునే పైకి లేచాడు. పట్టీ ఊడలేదు.

ఎజ్రా బెంచీకి తిరిగొచ్చి మళ్లీ లేవలేదు. ఆ ఒక్క బంతే. ఏడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

సోమవారం పొద్దున అందరూ నల్ల చెత్త సంచుల్లో బూట్లు, ఫోటోలు కుక్కుకుని పోతున్నారు. ఉతికిన చొక్కాలు నా బల్ల మీద గుట్టగా ఉన్నాయి. ఎజ్రా వచ్చి గుట్టలోంచి డెబ్బై ఆరు వెతికి తీసుకుని, స్టూల్ మీద కూర్చున్నాడు.

"కత్తి ఇవ్వండమ్మా."

ఇచ్చాను. కత్తి మొన దారం కిందికి దూరలేదు. ఇంకో మూల చూశాడు. అక్కడా దూరలేదు. చొక్కా వెలుగులోకి ఎత్తి కుట్టు చూసి, నా వంక చూశాడు.

"ఇది వారం కుట్టు కాదే."

"కాదు."

"పక్కాదే వేశారా?"

"ఆడావు కదరా."

వాడు తల దించుకున్నాడు. నేను వాడి వంక చూడలేదు, దారం రీళ్లు సర్దుకున్నాను.

అప్పుడే ఆర్విల్ వచ్చాడు. "ఏంటిది? కచ్చా వెయ్యమన్నానా లేదా? విప్పు, వచ్చే ఏడు వేరేవాడికి కావాలి. చిరిగిన చొక్కా తప్ప ఏదీ ఈ గది దాటడానికి వీల్లేదు, నీకు తెలియనిదా!"

తెలుసు. ఇరవై ఆరేళ్లలో ఒక్క చొక్కాకి నా చేతి మీదుగా చిరుగు పడలేదు. ఎజ్రా చేతిలోంచి చొక్కా లాక్కుని, పెద్ద కత్తెర తీసి, కింది అంచు జానెడు పొడుగున కత్తిరించాను. చప్పుడు గది అంతా వినిపించింది.

"చిరిగింది," అన్నాను.

ఆర్విల్ నన్నూ కత్తెరనూ కాసేపు చూశాడు. తర్వాత చిరిగినవాటి చీటీ తీసి, డెబ్బై ఆరు అని రాసుకుంటూ వెళ్లిపోయాడు.

చొక్కా మడిచి ఎజ్రా చెత్త సంచిలో అన్నిటికన్నా పైన పెట్టాను, పేరు పైకి కనిపించేలా.

"కొరీన్‌కి చెప్పు, ఆ చిరుగు కుట్టొద్దని," అన్నాను.