తొలి పిడికెడు

అదోయో టోపీ ఉతుకుతోంది. ఆకుపచ్చ టోపీ, ముందు వైపు తెల్లదారంతో 'ఆదర్శ రైతు' అని కుట్టి ఉంది. రైతు టోపీకి లోపలి అంచున ఎంత రుద్దినా పోని చెమట మరక ఉండాలి. దీనికి పెట్టెలో పడివున్న దుమ్ము తప్ప ఏమీ లేదు. కిసుము పట్నంలో ఇనుప సామాను కొట్లో పనిచేసే మొగుడు ఒగోలా పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాడు: "శనివారం వస్తున్నా. టోపీ ఉతికి పెట్టు. ఈసారి ఉగాండా వైపు నుంచి కూడా ఆడవాళ్లొస్తారట, మన పొలం చూసి నేర్చుకోడానికి." ఆ తర్వాత పక్కన ఎవరైనా వింటారన్నట్టు గొంతు తగ్గించాడు. "ఆ వరసల మధ్య తీగ ఉందే, దాని పేరేంటి? మళ్లీ ఓసారి చెప్పు."

చెప్పింది. డెస్మోడియం అన్న ముక్కని మూడుసార్లు పలికించింది, బడి పిల్లాడికి చెప్పినట్టు. కిందటేడు కూడా ఇలాగే నేర్చుకుని వచ్చి, చుట్టాల్లా దిగిన పొరుగు జిల్లా రైతుల ముందు పొలం మధ్యన నిలబడి "కయోంగోని తరిమేశాను నేను" అన్నాడు. ఊదాపూలు పూసి చూడ్డానికి ముచ్చటగా ఉండే కయోంగో కలుపు ఆ ఊరి మొక్కజొన్నకి పట్టిన శని. కిందనే వేళ్లని పట్టుకుని రసమంతా పీల్చేస్తుంది. దాన్ని అణిచే తీగ ఉందని అదోయో పుట్టింటికి వెళ్లినప్పుడు మేనత్త పొలంలో చూసింది. దాని కాడల్ని కొంగున కట్టుకున్నట్టుగా గుడ్డలో మూటకట్టి తెచ్చుకుంది. నాటింది, ఎండినచోట మళ్లీ నాటింది, గట్ల మీద పురుగును తనవైపు లాక్కునే నేపియర్ గడ్డి పెట్టింది. "నేను" అన్న ఆ మాట పొలం మధ్యనుంచి వినిపించినప్పుడు ఆమె గట్టు మీదే నిలబడి ఉంది. ఒగోలా ఆమెని చూశాడు. "అలా నిలబడ్డావేంటి? కుర్చీలు తీసుకురా. టీ ఏదీ?" అన్నాడు. కసిరి అనలేదు. ఒగోలా చెడ్డవాడు కాదు, చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డవాడైతే ఓ రోజు నోరారా తిట్టుకుని తేలికపడేది.

గురువారం తొలివాన పడింది. వాసనకే చేతులు ఊరుకోవు. కానీ ఊరి కట్టడి ఒకటుంది. గింజ బయటికి తీసే రాత్రి మొగుడు ఇంట్లో ఉండాలి, పెళ్లాం పక్కన పడుకోవాలి, తెల్లారి తొలి పిడికెడు అతని చేత్తోనే నేలమీద పడాలి. తప్పితే 'చిరా' అనే శాపం తగులుతుంది, ఇంట్లో పసివాళ్లు శుష్కించి పోతారు. అత్త విధవ కాబట్టి ఆవిడకి ఆ పట్టింపు లేదు, తన పొలం ముక్కలో తను చల్లేసుకుంది. అదోయోకి మాత్రం ఆగక తప్పదు. ఒక రాత్రి, ఒక పిడికెడు అతనివి. దున్నడం, కలుపు తీయడం, కోయడం, మోయడం, నూర్చడం ఆమెవి. పంట మాత్రం పిడికెడు వేసినవాడిది. పోయిన కారు అతను ఆలస్యంగా వచ్చాడు, పైరు ఆలస్యంగా లేచింది, కంకులు సగం తాలు పోయాయి. "తీగ మహిమ ఇదేనా?" అని ఆడవాళ్లు మూతులు విరిచారు. ఈ ఏడు కూడా అలాగే అయితే వాళ్లు తమ పొలాల్లో తీగ పీకి మేకలకి వేస్తారు. ఇన్నాళ్ల తన చాకిరీ మేకల కడుపులోకి పోతుంది.

అలాగని చెయ్యి కదలదు. పెళ్లయిన రెండో ఏడు, తెలియనితనం కొద్దీ, ఒగోలా వచ్చేదాకా ఆగకుండా వంటింటి వెనక నాలుగు చిక్కుడు గింజలు పెట్టింది. కలుపు తీసే నాటికి ఒళ్లో బిడ్డ జ్వరంతో పోయాడు. ఎవరూ అరవలేదు. అత్త ఒక్క మాటే అంది: "గింజ తొందరపడితే బిడ్డ ఆగడు." ఆ తర్వాత అకోత్ పుట్టి బడికి పోయేంత పెద్దదైనా, ఆ మాట గొంతులో చేపముల్లులా అలాగే ఉండిపోయింది. ఏ పొద్దైనా అకోత్ ఒళ్లు కాస్త వెచ్చగా తగిలితే చాలు, తను ఏ గింజ ముట్టిందా అని వెతుక్కుంటుంది.

శనివారం ఒగోలా రాలేదు, ఫోన్ వచ్చింది. "సిమెంటు లారీ దిగుతోంది, ఓనరు వదలట్లేదు. పై శనివారం ఖాయం. నువ్వు గింజ ముట్టకు, అకోత్ ఉంది ఇంట్లో. గుర్తుందిగా?"

గుర్తుంది.

మంగళవారం ఆడవాళ్లొచ్చారు. ప్రతి మంగళవారం ఒకరి పొలంలో కలవడం వాళ్ల అలవాటు. ఎవరి పొలమైతే ఆ పూటకి ఆమే పంతులమ్మ. ఎవరెప్పుడు చల్లారు, ఏ కలుపు లేచింది, ఏది ఎండింది, అన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంటారు. ఒక్క పొలం అబద్ధం చెబుతుంది గానీ పది పొలాలు కలిసి అబద్ధం చెప్పవని అదోయోయే వాళ్లకి నూరిపోసింది.

ఆ ఊళ్లో కోడళ్లని పుట్టింటి ఊరి పేరుతోనే పిలుస్తారు. గెమ్ నుంచి వచ్చినామె ఇంకా గింజ పడని పొలం చూసి నడుం మీద చెయ్యేసుకుంది. "ఏమే ఉగెన్యా పిల్లా! మాకు పాఠాలు చెప్పి నీ పొలం పడుకోబెట్టావేం?"

"ఆయన రావాలిగా. కొట్లో సిమెంటు లారీ దిగుతోందట."

"అయితే ఆ మేఘాలకి కూడా ఓ ఫోన్ కొట్టు, మా ఆయన లారీ దింపుకుంటున్నాడు, కాస్త ఆగండీ అని!"

అందరూ పకపకా నవ్వారు. అదోయో నవ్వబోయింది, ఏడుపొచ్చింది. చిక్కుడు గింజల సంగతి అప్పుడు చెప్పేసింది. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పనిది, తీగ గురించి చెప్పినంత వివరంగా చెప్పింది. ఏ నెల, ఏ వాన, బిడ్డ ఒళ్లు ఎలా కాలిందీ.

గెమ్ ఆమె నవ్వు ఆగిపోయింది. "అదే ఏడు నా కూతురూ పోయింది" అంది. "అదే జ్వరం. నేను గింజ ముట్టలేదే. ఆయన వచ్చేదాకా సంచి మూతైనా విప్పలేదు."

"నా కొడుకూ పోయాడు ఆ ఏడు" అంది సెమె నుంచి వచ్చిన నడివయసు ఆమె. "మాకు గింజ తప్పు కుదర్లేదని, ఇంటికి కప్పు వేసేటప్పుడు మొగుడు లేడన్నారు."

"నాకేమో పొయ్యి మార్చానన్నారు" అని ఇంకొకామె అంది.

అందరూ పది పొలాలు పక్కపక్కన పెట్టి చూడ్డం వచ్చినవాళ్లు. తప్పు చేసినావిడ బిడ్డ పోయాడు, చెయ్యనావిడ బిడ్డా పోయింది. ఆ ఏడు వాన ఎక్కువ, గుంటల నిండా నీళ్లు, ఊరి నిండా దోమలు. ఇది ఇన్నేళ్లూ తమ కళ్లకెందుకు కనపడలేదు? ఎవరి దుఃఖాన్ని వాళ్లు తప్పులా దాచుకున్నారు కాబట్టి కనపడలేదు. అదోయో తలెత్తి అత్తవైపు చూసింది. కర్ర పట్టుకుని గట్టు మీద కూర్చున్న ముసలావిడ అంతా వింటూనే ఉంది.

"అత్తా?"

ముసలావిడ కర్రతో మట్టిని గీకింది. "నాకు ముగ్గురు పోయారు" అంది. "మూడుసార్లూ మీ మామ ఇంట్లోనే ఉన్నాడు."

అదోయో లేచి ఇంట్లోకి వెళ్లింది. విత్తనాల సంచి తెచ్చింది. ఎండ నడినెత్తి కెక్కుతోంది, గుమ్మం పక్క దండెం మీద ఆరేసిన టోపీ కనపడితే తీసి నెత్తిన పెట్టుకుంది. గింజల్లో చెయ్యి పెట్టింది. భయం పోయిందని కాదు. ఆ భయంతోనే తొలి పిడికెడు తీసి, ఒక్కో గింజా గుంటలో వేసుకుంటూ వెళ్లింది. వెనక ఆడవాళ్లు మట్టి కప్పుతూ వచ్చారు.

ఒగోలా వచ్చింది ఆ శనివారం కాదు, ఆ పై శనివారం. మొలకలు అతనికంటే ముందే వచ్చాయి. పొలం చూసి సంచి కింద పడేశాడు.

"ఎవరు వేశారు?"

"నేను."

"అమ్మా! నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

"ఎక్కడ ఊరుకున్నాన్రా" అంది తల్లి. "ఆ చివరి రెండు వరసలకీ మట్టి కప్పింది నేనే."

అతను గట్టు మీద కూలబడ్డాడు. కోపం కాదది, మొహం పాలిపోయింది. "పిల్లకి ఏమైనా అయితే?" అన్నాడు నెమ్మదిగా. ఇన్నేళ్లూ ఆ ముల్లు అతని గొంతులోనూ ఉందని అదోయోకి అప్పుడు తెలిసింది. జాలేసింది. పక్కన కూర్చుంది.

"జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్దాం. ఆ పూట లారీ ఉన్నా నువ్వు రావాలి."

అతను తల ఊపాడు. కాసేపటికి ఏదో గుర్తొచ్చినట్టు చుట్టూ చూశాడు. "మంగళవారం ఉగాండా వాళ్లొస్తారుగా. నా టోపీ ఏదీ?"

అదోయో పది రోజులుగా ఎండలో తను పెట్టుకుంటున్న టోపీ నెత్తి మీంచి తీసి అతని చేతిలో పెట్టింది. అతను తిరగేసి చూశాడు. లోపలి అంచు పొడుగునా పసుపుపచ్చని మరక. వేలితో రుద్దాడు, పోలేదు.

"అది పోదు" అంటూ టోపీ తిరిగి తీసుకుని తలకి పెట్టుకుంది. "వాళ్లకి తీగ పేరు నేను చెప్తాను. నువ్వు కుర్చీలు తీసుకురా."